ఇప్పలకుంట బిళ్ళ

సభకు పెద్దగా కూర్చున్న ప్రిన్సిపాల్ భూపాల్ గారికి, ఇవాళ ఉద్యోగ విరమణ చేస్తున్న చరిత్ర లెక్చరర్ అర్షియా మేడం గారికి, ఆమె భర్త తౌఫీఖ్ గారికి, ముందు వరుసలో సర్దుకుని కూర్చున్న మా బొగ్గుబాయి దోస్తులకు, వెనక నిలబడ్డ విద్యార్థులకు నమస్కారం.

నాకు సభల్లో మాట్లాడటం రాదు. ముప్పై నాలుగేళ్లు బాయి దీపాల గదిలో పనిచేశాను. అక్కడ మాట కంటే లెక్క ముఖ్యం. బడి చదువు ఐదో తరగతితో ఆగింది. మిగిలింది పొట్లాలు కట్టిన కాగితాలు విప్పి చదువుకుని నేర్చుకున్నాను. రోజూ నోటుబుక్కులో నాలుగు ముక్కలు రాయడం ఒక్కటే నాకున్న అలవాటు కాబట్టి, పొద్దున రాసిందే చదివి మొదలుపెడతాను. "ఏప్రిల్ 30. ఏడింటికే ఎండ చిటచిట. కూలర్ గడ్డి మార్చాను. సాయంత్రం మేడం సభ." అంతే. (నవ్వులు)

మేడం మొదటిసారి మా దీపాల గదికి వచ్చి పదకొండేళ్లయింది. గోదావరిఖని, రామగుండం, మందమర్రి, ఈ ఊళ్ల చరిత్ర రాస్తున్నాను, ఏమైనా చెప్పండి అన్నారు. చరిత్ర అంటే కోటలు, రాజులు కదా, మాకేముంది మసి తప్ప అన్నాను. ఆమె నా మాట వినడం లేదు. గోడ మీది మేకులు చూస్తున్నారు. పిల్లలకు తెలియకపోవచ్చు, చెబుతాను. బాయిలోకి దిగే మనిషి తన నెంబరున్న ఇత్తడి బిళ్ళను మేకుకు తగిలించి దీపం తీసుకుంటాడు. పైకి వచ్చాక దీపం ఇచ్చి బిళ్ళ తీసుకుంటాడు. షిఫ్టు అయ్యాక మేకు మీద బిళ్ళ ఉందంటే మనిషి ఇంకా లోపలే ఉన్నాడని అర్థం. అతను వచ్చేదాకా నేను రిజిస్టరు మూయను, ఇంటికి పోను.

మరుసటి వారం మేడం కాలేజీ గోడకు ఒక చెక్క కొట్టించారు. రెండు వైపులా అరవై మూడేసి మేకులు, అరవై మూడు రేకు బిళ్ళలు. బిళ్ళకొక పేరు: మూతపడ్డ ఇంక్లైన్ బాయిలు, కూలగొట్టిన టాకీసు, ఈ కాలేజీ మొదటి క్లాసులు నడిచిన రేకుల షెడ్డు, గోదావరి మీద పడవ దాటించిన రేవు, ఓపెన్‌కాస్టు గని తవ్వకం కింద పోయిన పల్లెలు. బస్సు కండక్టరు ఇప్పటికీ ఆ పేర్లే అరుస్తాడు, దిగి చూస్తే మట్టి గుట్ట తప్ప ఏమీ ఉండదు. ఒక్కో చోటుకు మేడం విద్యార్థులను పంపి ఒకటే ప్రశ్న అడగమనేవారు: అక్కడి నుంచి చివరగా బయటికి వచ్చింది ఎవరు? టాకీసుకైతే రీళ్లు ఆడించిన ఆపరేటరు, షెడ్డుకైతే తాళం వేసిన అటెండరు. ఆ మనిషి దొరికితే బిళ్ళ ఈ వైపు నుంచి ఆ వైపు మేకుకు మారుతుంది. "పైకొచ్చింది" అని పిల్లలు చప్పట్లు కొట్టేవారు. ఆసిఫాబాద్ దాకా బస్సుల్లో తిరిగి, మోకాళ్లు అరిగి, ఆమె అరవై రెండు బిళ్ళలు పైకి తెచ్చారు. పెద్ద పెద్ద యూనివర్సిటీలు మా మసి చేతుల వాళ్లను ఒక్క మాట అడగలేదు. మేడం అడిగారు, మా పేర్లు పుస్తకంలో పెట్టారు.

ఒక్క బిళ్ళ మిగిలిపోయింది. ఇప్పలకుంట. మా ఊరు. రేపు పుస్తకం అచ్చుకు పోతుంది, ఆ పేజీ ఖాళీగా ఉంది. మా ఊరివాళ్లను ఎవరిని అడిగినా "సదయ్యను అడుగుండ్రి, లెక్క ఆయనే రాసిండు" అన్నారు. నేనేమో యాది లేదన్నాను. కనబడ్డప్పుడల్లా మేడం నవ్వుతూ "సదయ్య గారూ, ఇప్పలకుంట ఎప్పుడు పైకొస్తది?" అనేవారు. పదకొండేళ్లు తప్పించుకున్నాను. ఇవాళ చెబుతాను.

ఇరవై రెండేళ్ల కింద ఓపెన్‌కాస్టు కోసం ఊరు ఖాళీ చేసిన రోజు, ఊరివాణ్ణి, లెక్క తెలిసినవాణ్ణి అని ఇళ్ల లెక్క నాకు అప్పజెప్పారు. నేను నా పద్ధతే పెట్టాను. ఇల్లు విడిచే ఆఖరి మనిషి ఆ ఇంటి కందిలి దీపం తెచ్చి నా చేతికివ్వాలన్నాను. నలభై ఒక్క ఇళ్లు, నలభై ఒక్క కందిళ్లు. అయిపోయిందని చెయ్యి ఊపాను. ఇళ్లు కూల్చే డోజర్ మీద ఉన్నది అస్గర్ అన్న, అదిగో మూడో కుర్చీలో. కొద్దిదూరం పోయి బండి ఆపి అరిచాడు:

"అయిపోయిందంటివి గదరా సదయ్యా! గా ఇంట్ల పొయ్యి మండుతున్నది!"

ఉరికాను. పోశవ్వ పొయ్యి ముందర కూర్చుని జొన్నరొట్టె కాలుస్తున్నది. కందిలి కోడలు లింగవ్వతో పంపించింది, తాను ఉండిపోయింది. ఆమె రొట్టె తిప్పుకుంటూ అన్నది:

"దీపం వస్తే మనిషి వచ్చినట్టేనా బిడ్డా? ఈ పొయ్యి మీద ఆఖరు రొట్టె. ఇగో, సగం తిను. ఎవ్వలకు చెప్పకు, నేను గూడ చెప్ప."

(కొంచెం నీళ్లు ఇవ్వండి.)

చెప్పలేదు ఆమె, పోయేదాకా. అస్గర్ అన్న కూడా చెప్పలేదు. ఒక్క మనిషి లోపలుండగా రిజిస్టరు మూయనివాడని బాయిలో నాకొక పేరుండేది, ఉన్నదల్లా అదే. అది పోతుందని మా ఊరి బిళ్ళను మేకు మీదే ఉంచాను. ఏమిటి లింగవ్వా, లేచి నిలబడ్డావు?

"అత్త నాతోటి ఎన్నడు అనలే గద సదయ్య బావా! వెనుకనే వచ్చిన అన్నది!"

అవును, వెనకనే వచ్చింది. ఆనాటి నోటుబుక్కు తెచ్చాను, చదువుతాను. "ఎండ, గాలి. మంచానికి నులక బిగించాను. ఇప్పలకుంట ఖాళీ. కందిళ్లు 41. మనుషులు" అక్కడ ఆగింది. పొద్దున కూలర్ పని అయ్యాక ఆ వరుస పూర్తి చేశాను: "చివరగా బయటికి వచ్చింది పోశవ్వ, చేతిలో సగం రొట్టె." మేడం, ఈ పాత నోటుబుక్కు ఇక మీది. బిళ్ళను ఆ వైపు మేకుకు మీరే తగిలించండి, నాకు చెయ్యి అందదు. (చప్పట్లు)

మేడం కళ్ళు తుడుచుకుని ఏదో అంటున్నారు. "పదకొండేళ్లు రొట్టె దాచిపెట్టినరా సదయ్య గారూ" అంటున్నారు. (నవ్వులు) ఔను మేడం, ఎండిపోయింది, అయినా తీసుకోండి.

పిలిచిన ప్రిన్సిపాల్ గారికి, విన్న మీ అందరికీ కృతజ్ఞతలు. ఒక్క మాటతో ముగిస్తాను. మేడం, సభ అయ్యాక మీ గదిలో వస్తువులు సర్దుకుంటారట. తొందరపడకండి. వాచ్‌మన్ ఎల్లేశానికి చెప్పాను, తాళం వెయ్యడు. నేను గేటు దగ్గర నిలబడతాను. గదిలో లైటు ఆరింది కదా అని వెళ్లిపోను. మీరు నడిచి వచ్చి నా ముందు నుంచి దాటాకే ఇవాళ్టి పేజీలో మిగిలింది రాస్తాను. అంతదాకా అది "సాయంత్రం మేడం సభ" దగ్గరే ఉంటుంది.

సెలవు.