పద్నాలుగో టేక్

పటమటలో టిఫిన్ హోటల్ పైన ఎడిటింగ్ గది. శనివారం మధ్యాహ్నం. ఏసీ ఉంది గాని పని చెయ్యదు. డైరెక్టర్ హర్షవర్ధన్ చెమట తుడుచుకుంటూ, ఎడిటర్ విఠల్ కంప్యూటర్ ముందు, సినిమాలో భార్య వేషం వేసిన కీర్తన గుమ్మం దగ్గరే నిలబడి.

"తియ్యండి అంటున్నానా? సినిమాలోంచి తీసేసి, పెన్‌డ్రైవ్‌లో వేసి నాకివ్వండి. ఇంకో మాట లేదు."

"కీర్తనా, ముందు లోపలికొచ్చి కూర్చో. నాలుగు రోజులు ఫోన్ ఎత్తవు. మెసేజ్ పెడితే చూడవు. ఇవాళ బొట్టూ కాటుకా లేకుండా ఊడిపడి, సినిమా మొత్తానికి గుండెకాయలాంటి షాట్ తీసెయ్యమంటావు. సాయంత్రం ఆరింటికల్లా ఫెస్టివల్‌కి పంపాలి. తెలుసా, తెలీదా?"

"తెలుసు. అందుకే ఇప్పుడొచ్చాను."

"విఠల్, కిందకి ఫోన్ చేసి మూడు కాఫీలు పంపమను."

"నాకొద్దు. నేనిక్కడ ఏమీ ముట్టను."

"అలకా?"

"కాదు హర్ష గారూ."

"మరేంటి? పోస్టర్ మీద నీ పేరు చిన్నగా పడిందనా? మారుస్తానన్నాగా."

"పేరే వెయ్యకండి. నాకేం అక్కర్లేదు. ఆ పద్నాలుగో టేక్ ఒక్కటి వాడొద్దు."

"పదమూడు టేకులు. పదమూడు. నీ కంట్లో చుక్క నీరు లేదు. గ్లిజరిన్ వేస్తే ఉల్లిపాయలు తరిగినట్టుంది మొహం. పద్నాలుగోది చూసి కెమెరామెన్ కళ్ళు తుడుచుకున్నాడు. దాన్ని తీసేసి ఏం పెట్టమంటావు?"

"పన్నెండోది పెట్టుకోండి."

"అవునన్నా, పన్నెండోది కూడా మరీ అంత..."

"విఠల్, నువ్వాగు. నిన్నడిగామా?"

"అతన్నెందుకంటారు? పద్నాలుగోది నటన కాదు. అది మీకూ తెలుసు, అతనికీ తెలుసు."

"నటన కాదు కాబట్టే అంత బాగుంది."

"మీరు మా ఊరు పామర్రు వెళ్ళారు. మా పక్కింటి తెరేసమ్మ పిన్ని ఇంట్లో కూర్చుని కాఫీ తాగారు. ఆవిడకి డైలాగ్ రాసిచ్చారు."

"రాసివ్వలేదు. నోటితోనే చెప్పాను. సినిమాకి పనికొస్తున్నానని ఎంత సంబరపడిందో ఆవిడ. అద్దం ముందు నాలుగుసార్లు అనుకుంది."

"'మీ అమ్మ పెరట్లో పడిపోయిందే కీర్తనా, పిలిస్తే పలకట్లేదే.' అదేగా?"

"అదే. ఆ ఒక్క ముక్కే."

"ఆ ముక్క ఫోన్‌లో విని నేను చెప్పుల కోసం వెతుక్కుంటున్నాను. కాళ్ళకి ఉన్న చెప్పులే కనపడక వెతుక్కుంటున్నాను. మీరు కెమెరా తిప్పుతూనే ఉన్నారు."

"రెండు నిమిషాలు. తర్వాత కట్ చెప్పి, ఉన్నదున్నట్టు చెప్పేశాను. మీ అమ్మ గారికి ఫోన్ కలిపి మాట్లాడించాను కూడా. యూనిట్ అంతా చప్పట్లు కొట్టారు. నువ్వూ నవ్వావు. ఆ మధ్యాహ్నం మాతో కూర్చుని బిర్యానీ తిన్నావు."

"తిన్నాను."

"మరి?"

"ఆ రోజే పోట్లాడాల్సింది. నవ్వాను. అందరూ నవ్వుతుంటే నేనొక్కదాన్నీ ఏడుపుమొహంతో ఉండటమేంటని నవ్వాను. బుద్ధి లేక."

"మూడు నెలలైంది కీర్తనా. మూడు నెలలు లేని కోపం ఇవాళెక్కడిది? ఎవరైనా ఏమైనా అన్నారా?"

"మన సినిమా కథ చెప్పండి."

"ఏంటి?"

"కథ చెప్పండి. నాకు మర్చిపోయినట్టుంది."

"ఆడుకుంటున్నావా? మొగుడు పెళ్ళాన్ని గుప్పిట్లో పెట్టుకోవాలని చూస్తాడు. ఆవిడ పెట్టిన చోట తాళాలు లేకుండా చేస్తాడు. తనే అన్న మాట అనలేదంటాడు. ఆఖరికి ఆవిడకి తన కళ్ళ మీదా చెవుల మీదా నమ్మకం పోతుంది."

"బెంజ్ సర్కిల్ దగ్గర ఆ హోటల్లో ప్రెస్‌మీట్ పెట్టి ఏమన్నారు?"

"మనిషికి తన మీద తనకున్న నమ్మకం తీసెయ్యడం కంటే పెద్ద హింస లేదన్నాను. ఇప్పటికీ అంటాను."

"బాగా చెప్పారు."

"వెటకారం వద్దు. వాడు చేసింది వేరు, నేను చేసింది వేరు. మా నాన్నగారు ముప్పై ఏళ్ళు కాలేజీలో తత్వశాస్త్రం చెప్పిన మనిషి..."

"మళ్ళీ తాడూ పామేనా?"

"తాడూ పామే. చీకట్లో తాడుని చూసి పామనుకుంటాం. పాము అబద్ధం. మరి పట్టిన చెమట? అదీ అబద్ధమేనా? నవలైనా, సినిమా అయినా చేసే పని అదొక్కటే. లేని పాముని చూపించి నిజం చెమట పట్టించడం. దాని కోసం జనం టికెట్ కొనుక్కుని మరీ వస్తారు."

"వాళ్ళు టికెట్ కొనుక్కుని వస్తారు. తాడని తెలిసే కూర్చుంటారు. నాకెవరు చెప్పారు తాడని?"

"చెప్తే చెమట పట్టదుగా."

"అంతేనా?"

"అంతే. కఠినంగా ఉన్నా అంతే. చూడు, నాకు టైం లేదు. నువ్వు సంతకం పెట్టిన కాగితం ఉంది. ఏ టేక్ వాడుకోవాలన్నది నా ఇష్టం. అయినా నిన్ను బతిమాలుతున్నాను. కారణం చెప్పు. ఒక్క కారణం. సబబుగా ఉంటే తీసేస్తాను."

"విఠల్, మంగళవారం డబ్బింగ్ ఉందా నీ దగ్గర?"

"ఉంది కీర్తనా గారూ. మిక్సింగ్ అయిపోయింది గానీ పచ్చి ట్రాక్ కూడా ఉంచాను."

"పదకొండు దాటాక, మధ్యలో నాకు ఫోనొచ్చింది. మైక్ ఆపలేదు మీరు. అది వినిపించు."

"డబ్బింగ్‌కీ దీనికీ ఏంటి సంబంధం?"

"వినండి."

"ఇదిగోనండీ. ఇక్కడే అనుకుంటా. పెడుతున్నా."

"'...ఆ, చెప్పు పిన్నీ. ... అబ్బా. మళ్ళీ నేర్పించాడా మా డైరెక్టరు? పాతదే చెప్తున్నావేంటి, అక్షరం కూడా మార్చలేదు. ... ఏడవడం మాత్రం బాగా వచ్చేసింది పిన్నీ నీకు. ఈసారి నేను పడనని చెప్పు ఆయనకి. డబ్బింగ్‌లో ఉన్నా, పెట్టేస్తున్నా.'"

"ఇంకోసారి పెట్టమంటారా అన్నా?"

"వద్దు... కీర్తనా, ఎవరది?"

"తెరేసమ్మ పిన్ని."

"నేను చెయ్యమన్లేదు."

"తెలుసు."

"ఒట్టు. షూటింగ్ అయ్యాక నేనావిడతో మాట్లాడనే లేదు."

"తెలుసంటున్నాగా. ఇప్పుడు తెలుసు. మంగళవారం ఫోన్ పెట్టేసి తలెత్తి చూస్తే డబ్బింగ్ గది అద్దం అవతల మీరు నవ్వుతున్నారు."

"సౌండ్ చూసే చక్రి ఏదో జోకేశాడు. దానికి నవ్వాను. దేవుడి తోడు, దానికే నవ్వాను."

"అయ్యుండచ్చు. నాకు మాత్రం మీరు నన్ను చూసి నవ్వుతున్నట్టే కనపడింది. నేనూ వేలు చూపించి బెదిరించాను మిమ్మల్ని. గుర్తుందా?"

"గుర్తుంది. ఎందుకో అర్థం కాలేదు... అమ్మ గారు ఎలా ఉన్నారు?"

"పిన్ని మళ్ళీ మళ్ళీ చేసింది. ఫోన్ సైలెంట్‌లో పెట్టాను. ఆటోలో ఆస్పత్రికి తీసుకెళ్తుంటే దారిలో అమ్మ ఒకసారి కళ్ళు తెరిచిందట. కీర్తన వస్తోందా అని అడిగిందట. వస్తోందమ్మా, బస్సెక్కిందని పిన్ని అబద్ధం చెప్పిందట. పన్నెండున్నరకి పోయింది."

"కీర్తనా..."

"మీరు రెండింటికి ప్యాకప్ చెప్పారు. బాగా చేశావని భుజం తట్టారు. అప్పుడు చూశాను ఫోను. ఇరవై రెండు మిస్డ్ కాల్స్. షూటింగ్ రోజు తాడుని పామనుకున్నాను హర్ష గారూ. మంగళవారం పామే వచ్చింది. తాడే కదా అని పక్కకి తోసేసి మీ డబ్బింగ్ పూర్తి చేశాను."

"నాకు... నాకెవరూ చెప్పలేదు. చక్రికి కూడా తెలీదు. ఒక్క మాట నాకు..."

"చెప్తే నమ్మేవారా?"

"విఠల్. తీసెయ్ ఆ షాట్."

"అన్నా, ఆరింటికి..."

"తీసెయ్యమన్నానా? పన్నెండోది పెట్టు. ఫెస్టివల్ పోతే పోయింది. ఆ పద్నాలుగోది హార్డ్‌డిస్క్‌లో కూడా ఉండకూడదు. డిలీట్ చేసెయ్."

"వద్దు, చెరపొద్దు. విఠల్, ఆగు. చెరపొద్దంటున్నానా?"

"ఎందుకు కీర్తనా? దాన్ని ఉంచుకుని ఏం చేస్తావు? ఇంట్లో పెట్టుకుని రోజూ చూసుకుంటావా?"

"ఆస్పత్రిలో అమ్మ మొహం మీద గుడ్డ తీసి చూపించారు. పిన్ని గోడకేసి తల కొట్టుకుంటోంది. నేనలా నిలబడి, కట్ ఎప్పుడు చెప్తారా అని చూస్తున్నాను. చుక్క రాలేదు. ఇవాళ్టికీ రాలేదు. మా అమ్మ కోసం నేనేడ్చిన ఏడుపు ఆ డిస్కులో ఉన్నదొక్కటే, అది నాకిచ్చెయ్యండి."