తొమ్మిది టిక్కుల హ్యాండ్ బ్రేకు

మేస్త్రి కథ మొదలుపెడితే టీకొట్టు దగ్గర ఈగ కూడా వాలదంటారు. అది నిజం కాదు. ఈగలు వాలతాయి. వాలి, మిగతావాళ్ళతో పాటు వింటాయి.

ఆ టీకొట్టు బళ్ళ షెడ్డు గేటుకి ఎదురుగా ఉంటుంది. నెలల తరబడి వేరే చోట ఉండబోయేవాళ్ళు తమ బళ్ళను ఆ షెడ్డులో పెట్టి వెళ్తారు. అక్కడ రిపేర్లు చూసేది మేస్త్రి, కాపలా కాసేది వాచ్‌మన్. టీకొట్టు నడిపేది ఆ వాచ్‌మన్ అక్క. ఆవిడను అందరూ అక్కా అనే పిలుస్తారు, ఆవిడకన్నా పదేళ్ళు పెద్దవాడైన మేస్త్రితో సహా.

ఆ రోజు అక్క చేతులు టీ కలుపుతున్నాయి కానీ ప్రాణం గేటు దగ్గరే ఉంది. తమ్ముడి ఉద్యోగం మధ్యాహ్నానికి ఉంటుందో ఊడుతుందో తెలియదు.

సంగతేమిటంటే, రిటైరైన నర్సమ్మ ఒకావిడ రెండేళ్ళ కిందట తన ఇల్లుబండిని తాళాలతో సహా ఆ షెడ్డులో అప్పగించి వెళ్ళింది. ఇల్లుబండి అంటే పేరులోనే ఉంది కదా, చక్రాల మీద ఇల్లు. లోపల మంచం, పొయ్యి, గిన్నెలు కడుక్కునే తొట్టి, కిటికీకి పూల తెర. ఇప్పుడు తిరిగొచ్చి తాళం తిప్పితే ఇంజను స్టార్టయింది. హ్యాండ్ బ్రేకు దించితే దిగింది. బండి మాత్రం కదల్లేదు. వెనక చక్రాలు రెండూ నేలకి మేకులు దిగగొట్టినట్టు నిలబడ్డాయి.

మేస్త్రి తడుముకోకుండా కారణం చెప్పేశాడు. కప్పు కారిందట, వాచ్‌మన్ పట్టించుకోలేదట, నీళ్ళు చక్రాల్లోకి దిగాయట. వాచ్‌మన్ చెప్పింది వేరు. మేస్త్రే బ్రేకు బిగించి అలాగే ఉంచేశాడని. చూసినవాళ్ళు ఎవరూ లేరు. నేనసలు ఆ బ్రేకు ముట్టుకోలేదని మేస్త్రి పొద్దున్నే నర్సమ్మతో అనేశాడు. ఇక ఆవిడ మధ్యాహ్నం షెడ్డు యజమానికి ఫోన్ చేసి, తప్పెవరిదో చెప్పాలి.

ఇక్కడ ఒక్క విషయం తెలుసుకుంటే మిగతాదంతా సులువుగా అర్థమవుతుంది. చక్రం లోపల గిన్నెలాంటి డ్రమ్ము ఉంటుంది. బ్రేకు లివరు లాగితే టిక్కుటిక్కుమంటూ లేస్తుంది, ఎన్ని టిక్కులైతే అంత గట్టిగా రెండు వంపు రేకులు లోపలి నుంచి దాన్ని నొక్కి పట్టుకుంటాయి. తడి పెనాన్ని ఇనప బల్ల మీద బోర్లించి మరిచిపోతే ఏమవుతుంది? తుప్పు పట్టి అతుక్కుపోతుంది. ఇదీ అంతే. అందుకు కప్పు కారక్కర్లేదు, గాలిలో తేమ చాలు. అందుకే బండిని చాన్నాళ్ళు నిలిపేటప్పుడు చక్రాలకి ముందూ వెనకా చెక్క దిమ్మలు పెట్టి, బ్రేకు వదిలేసి ఉంచాలి. రెండేళ్ళ కిందట బండి పెట్టిన రోజు వాచ్‌మన్ దిమ్మలు తెచ్చాడు కూడా. నాకే పాఠాలు చెప్తావా అంటూ మేస్త్రి వాటిని కాలితో తన్నేశాడని అక్కతో అప్పుడే చెప్పుకున్నాడు.

నర్సమ్మ బెంచీ మీద కూర్చుని టీ తాగుతోంది. ఆవిడ పక్కన లారీ డ్రైవరు. వాళ్ళ ముందు మేస్త్రి, ఒక కాలు ఇటుక మీద పెట్టి, గ్లాసు చేత్తో పట్టుకుని.

మొదట చిన్నగానే ఎత్తుకున్నాడు. ఒకప్పుడు ఇలాగే మూడేళ్ళు నిలిచిపోయిన ఇల్లుబండిని పావుగంటలో వదిలించాడట. టీ సగమయ్యేసరికి మూడేళ్ళు ఏడేళ్ళయ్యాయి, బండి బస్సంత అయింది, చోటు కొండమీదికి మారింది. మూడు క్రేన్లు కట్టి లాగితే గొలుసులు తెగాయట, ఒక క్రేన్ తనే గాల్లోకి లేచిందట. అప్పుడు మేస్త్రి డ్రమ్ముకి చెవి ఆనించి, లోపలి రేకులు ఏమనుకుంటున్నాయో విని, టీ చెంచాతో మూడే మూడు దెబ్బలు వేశాడట.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? బ్రేకు వదిలేసింది, బండి వాలులో పరుగందుకుంది, లోపల ఓనరుగారి అత్తగారు నిద్రపోతోంది, పొయ్యి మీద టీ మరుగుతోంది, నేను వెనకాల పరిగెత్తానా, పరిగెత్తి దాన్ని దాటిపోయానా, దాటానని గమనించుకుని మళ్ళీ వెనక్కొచ్చి, ఎడమచేత్తో వెనక నిచ్చెన పట్టుకుని ఆపాను. టీ చుక్క ఒలకలేదు. కుడిచేత్తో ముందుకి వంగి హ్యాండ్ బ్రేకు లాగాను."

బండి ముప్ఫై అడుగులుంటుంది కదా, వెనక నుంచి ముందుకి చెయ్యి ఎలా అందిందని లారీ డ్రైవరు అడిగాడు.

"అందుతుంది. ఆ చెయ్యి అలాంటిది. మామూలు మనిషి లాగితే అయిదు టిక్కులు, మా గురువుగారు లాగితే ఆరు. నేను లాగితే తొమ్మిది. ఆ లాగుడుకి కొండ నాలుగంగుళాలు వెనక్కి జరిగింది. బండిని ఇక ఎవరూ కదపలేక, దాని చుట్టూ తిప్పి రోడ్డు వేసుకున్నారు."

అక్క మేస్త్రి గ్లాసు మళ్ళీ నింపింది. ఇన్నేళ్ళు ఈయన కోతలు విని విని ఆవిడకి ఒక విషయం తెలుసు. ఈయన తన తప్పునైతే ఇంకొకడికి ఇచ్చేస్తాడు కానీ, గొప్పను ఇవ్వడు.

"నిజమే మేస్త్రీ," అంది నెమ్మదిగా, "మీ చెయ్యి అలాంటిది. అదే ఈ నర్సమ్మగారి బండి చూడండి, ఎవరో అర్భకుడు లాగి ఉంటాడు, మహా అయితే నాలుగు టిక్కులు. మా తమ్ముడే అయ్యుంటాడు లెండి."

"నీ తమ్ముడా?" మేస్త్రి కాలు ఇటుక మీద నుంచి దిగింది. "వాడి చేతికి సైకిల్ బ్రేకు కూడా పడదు. అది నేను లాగింది. తొమ్మిది, లెక్కపెట్టి మరీ లాగాను. దిమ్మలు పెడదామన్నాడు వాడు, నా చెయ్యుండగా దిమ్మలెందుకన్నాను. రెండేళ్ళు గడిచినా అంగుళం కదిలిందేమో అడుగక్కా ఆవిణ్ణి."

నర్సమ్మ గ్లాసు బెంచీ మీద పెట్టింది.

"పొద్దున ముట్టుకోలేదన్నావు కదా, నాయనా."

మేస్త్రి తొమ్మిదంటే మరీ తొమ్మిది కాదన్నాడు. ఆరు అనుకోవచ్చన్నాడు. ఆ రోజు మోచెయ్యి నొప్పిగా ఉండటం గుర్తొచ్చి నాలుగుకి దిగాడు. ఈలోగా నర్సమ్మ యజమానికి ఫోన్ చేసి విన్నదంతా విన్నట్టు చెప్పింది, కప్పు తాను చూశానని, పొడిగా ఉందని కూడా చెప్పింది. తర్వాత వాచ్‌మన్‌ని పిలిచి, నీకు తెలిసినట్టు చెయ్యి బాబూ అంది.

అతను చక్రాలకి అటూ ఇటూ కొంచెం ఎడంగా దిమ్మలు పెట్టాడు. డ్రమ్ము అంచు చుట్టూ చెక్క సుత్తితో తొందరపడకుండా కొట్టుకుంటూ వచ్చాడు. బండి స్టార్టు చేసి, జానెడు ముందుకి, జానెడు వెనక్కి ఊపాడు. నాలుగోసారికి లోపల టక్కుమంది. పూల తెర ఊగింది. ఇల్లుబండి గేటు దాకా వచ్చి ఆగింది.

మేస్త్రి ముఖం వెలిగింది. "చూశారా, ఎంత తేలిగ్గా వదిలిందో. నేను వదులుగా లాగబట్టే. రెండంటే రెండే టిక్కులు, లివరు మీద చెయ్యి ఆనించానంతే."

అక్క గ్లాసులు కడుగుతూనే అడిగింది. "మరి కొండ జరిపింది ఈ చెయ్యేనా మేస్త్రీ, ఇంకో చెయ్యా?"

మేస్త్రి గ్లాసు బెంచీ మీద పెట్టి, రెండు చేతులూ జేబుల్లో పెట్టుకున్నాడు. టీ తాగాలంటే ఏదో ఒక చెయ్యి బయటికి తియ్యాలి. టీ చల్లారిపోయింది.