నడిపేదెవరు?

టికెట్లు బుక్ చేసే ఆఫీసు. బల్లకి అవతల ఆఫీసు అమ్మాయి. ఇవతల ఈమధ్యే రిటైరైన బస్సు డ్రైవరు, ఆయన భార్య. యూరప్‌లో ఒక దీవి చూడ్డానికి వెళ్లాలని వచ్చారు.

"అవన్నీ తరవాత తల్లీ. ముందు నడిపేదెవరో చెప్పు."

"పైలట్ నడుపుతారు అంకుల్."

"పైలటేలే. ఎవరా పైలట్ అంట? ఎన్నేళ్ల సర్వీసు? కళ్లద్దాలున్నాయా?"

"అవి మాకు చెప్పరంకుల్."

"ఏవండీ, పిల్లనిచ్చేవాళ్లు కూడా ఇన్ని అడగరు."

"నువ్వూరుకోవే. పోనీ ఎక్కాక కనపడతాడా?"

"కనపడరంకుల్, తలుపేసుకుని లోపలుంటారు. అయినా మీకెందుకు భయం? పైకెళ్లాక చాలాసేపు విమానం దానంతటదే వెళ్తుంది."

"దానంతటదే అంటే? చేతులొదిలేసి?"

"ఆ మాటెందుకన్నావమ్మా! ఇప్పుడీయన్ని ఎవరు పట్టగలరు?"

"మా డిపోలో స్టీరింగ్ మీంచి చెయ్యి తీస్తే మెమో ఇచ్చేవాళ్లు!"

"మీ డిపోలో రెక్కల బస్సులు లేవులెండి. అమ్మాయ్, ఆ పెద్ద విమానం తప్పదు కదా?"

"తప్పదాంటీ. యూరప్ అంటే మధ్యలో సముద్రాలున్నాయి. అక్కడి పెద్ద ఊరిదాకా విమానమే. ఆ తరవాత మీ దీవికి ఎలా వెళ్లాలన్నది మీ ఇష్టం. అన్నట్టు అంకుల్, పైలట్లు ఇద్దరుంటారు."

"విన్నారా? ఇద్దరు డ్రైవర్లు. మీ రాత్రి సర్వీసులకీ ఇద్దరేగా?"

"ఇద్దరా? ఆ ముక్క ముందే చెప్పొచ్చుగా తల్లీ! సరే, రెక్క పక్కన సీటియ్యి. నేనో కన్నేసి ఉంచుతా."

"హమ్మయ్య, ఒక గండం గడిచింది. అక్కణ్నుంచి దీవికి చెప్పమ్మా."

"చిన్న విమానం ఉందాంటీ. అన్నిట్లోకీ అదే తొందర. ఎక్కినట్టే ఉండదు, దిగిపోతారు. సముద్రం మీంచి అలా వచ్చి, నీళ్ల గట్టు పక్కనే రన్‌వే, ఒక్కసారిగా కిందికి వాలి... అమ్మో, నా కాలు!"

"అయ్యయ్యో! ఏవండీ, కాలు తియ్యండి! దెబ్బ తగిలిందా తల్లీ? బ్రేకేశారు, ఏమనుకోకు. బండి మాటెత్తితే చాలు, ఆ కుడికాలు ఆగదు. టీవీలో కారు కనపడినా అంతే. మా సోఫా ముందు తివాచీకి చిల్లు పడింది."

"గట్టు పక్కన అంటుంటే వెయ్యకేం చెయ్యను?"

"చిన్న విమానం వద్దులేమ్మా. ఉన్న రెండో కాలు కూడా పోగొట్టుకుంటావు. ఇంకేమున్నాయి?"

"రైల్లో రేవుకెళ్లి, అక్కడ ఓడెక్కొచ్చాంటీ. ఓడ చాలా బాగుంటుంది, పైన కుర్చీలేస్తారు..."

"ఓడకి బ్రేకులుంటాయా?"

"అది... నాకు తెలీదంకుల్."

"ఉండవు. నేను వాకబు చేశా."

"ఎవర్ని వాకబు చేశారండీ?"

"నిన్న కూరగాయలకెళ్లినప్పుడు..."

"ఓడ సంగతి కూరగాయలాయన్ని అడిగారా?"

"అతను పడవలో తిరిగినవాడే! చిన్నప్పుడు."

"పోనీ బస్సులో వెళ్తారా అంకుల్? సముద్రం వెంబడే వెళ్లి, రేవులో బస్సు బస్సే ఓడలోకి ఎక్కేస్తుంది."

"బస్సా! ఏ మోడలు? ఇంజను ముందా వెనకా?"

"బస్సు మాటెత్తకమ్మాయ్. ఒకసారి మా చెల్లెలింటికి ఎవరి బస్సులోనో వెళ్తున్నాం. ఈయన ముందు సీట్లో కూర్చుని గేరు మార్చు, హారను కొట్టు, అద్దం చూడు అని ఆ డ్రైవర్ని కాల్చుకు తిన్నారు. చివరికి అతను బండాపి, దిగి, దణ్ణం పెట్టి, మీరే నడపండి బాబూ అన్నాడు."

"నడపలేదూ మరి? వేళకి చేర్చలేదూ?"

"చేర్చారు. నేనొక్కదాన్నీ వెనక కూర్చున్నా, ఎప్పట్లాగే."

"అయితే అంకుల్, ఇది మీకు సరిగ్గా సరిపోతుంది. అక్కడ కారు అద్దెకిస్తారు. డ్రైవరుండడు. మీరే నడుపుకుంటూ రేవుదాకా వెళ్లి, కారుతో సహా ఓడెక్కి, దీవంతా కార్లోనే తిరగొచ్చు."

"అదీ మాట! ఇందాకట్నుంచీ ఎక్కడ దాచావమ్మా దీన్ని? విన్నావుటే? మనకోసమే పెట్టినట్టున్నారు! ఓడకి బ్రేకుల్లేకపోతే పోయె, కారుకుంటాయిగా... ఏమంటావే?"

"ఆంటీ? కారు బుక్ చేసెయ్యనా?"

"చెయ్యమ్మా. ఆయనొక్కరికే చెయ్యి. నేను రావట్లేదు."

"అదేంటే! నీకోసం కాదూ ఇదంతా? వంటింట్లో ఆ దీవి బొమ్మున్న క్యాలెండరు ఏళ్లు మారినా తియ్యనివ్వంది నువ్వేగా?"

"దీవి కోసం కాదండీ."

"మరి?"

"పెళ్లైన కొత్తలో మీ బస్సెక్కాను, గుర్తుందా? మీ వెనక సీటే. బయట కొంగలు గుంపుగా వెళ్తుంటే, అటు చూడండీ అన్నాను. మీరు తల తిప్పలేదు. వేలెత్తి బోర్డు చూపించారు."

"ఏం బోర్డాంటీ?"

"డ్రైవరుతో మాట్లాడరాదు అని."

"అది రూలే! బండినిండా జనం, వాళ్ల ప్రాణాలు..."

"బస్సులో రూలు. మరి స్కూటరు మీద? మా అన్నయ్య కార్లో? ఏదైనా మీరే నడపాలి, నడిపినంతసేపూ నోరు విప్పరు. ఇన్నేళ్లు మీతో తిరిగానంటారు గానీ, నేను తిరిగింది మీ వీపుతో."

"అది... అలవాటైపోయిందే."

"తెలుసు. తప్పు పట్టట్లేదండీ. మీ బండెక్కిన ఒక్కరికీ గీత పడలేదని నేను పదిమందికీ గొప్పగా చెప్పుకుంటాను. కానీ ఒక్కసారి... ఎవరో నడుపుతుంటే, మీరు నా పక్కన ఊరికే కూర్చుని, కిటికీలోంచి ఇది చూడవే, అది చూడవే అంటే వినాలని నాకు ఎన్నాళ్లనుంచో ఉంది. ఆ దీవి చేరకపోయినా బెంగలేదు."

"ఆంటీ... ఇదిగోండి, కళ్లు తుడుచుకోండి."

"నాకెందుకమ్మా, ఆయనకియ్యి."

"ఏం లేదు, దుమ్ము పడింది. ఈ ఫ్యాను తుడిపించరామ్మా మీరు?"

"తుడిపిస్తామంకుల్. మరి కారు...?"

"కారొద్దు."

"చిన్న విమానమే చెయ్యనా? భయమున్నా కాసేపే, గబుక్కున చేరిపోతారు."

"గబుక్కున ఎవరు చేర్చమన్నారు నిన్ను? ఇద్దరికీ పక్కపక్క సీట్లుండాలి. ఆ దీవికి అన్నిటికంటే ఆలస్యంగా చేర్చేది ఏదో చూసి, అందులో రాసెయ్ తల్లీ."