కర్రిది ఏం జాతి?

జాతి, జాతి, జాతి! మూడు రోజులసంది ఎవరొచ్చినా ఇదే మాట. పంచాయతీ సెక్రటరీ అడిగిండు, పోలీసాయన అడిగిండు, ఇప్పుడు మీరు. పశువుల డాక్టరు గద మేడం, చూస్తే మీకు తెలుస్తలేదా? రాట్‌వీలర్. రాసుకోండి. మా నోట్ల గా పేరు తిరగదు, అందుకే కర్రి అంటం.

కూసోండి, గా మంచం మీద కూసోండి. ఏం గాదు. గొలుసు గట్టిదే, బోరు షెడ్డు గుంజకు కట్టిన. అది కూడా గా కరిసిన సోమారంసంది సరిగ తింటలేదు.

ఏందీ? అవ్, ముత్యాలు నేనే. ఈ పామాయిల్ తోటకు ఆరేండ్లసంది కావలి. తోట ఖమ్మంల ఉండే వెంకటేశ్వరరావు సారుది. కుక్కను ఆయన కొడుకు సతీష్ బాబు తెచ్చిండు, గింతంత ఉన్నప్పుడు. తెచ్చి ఇడిసిపెట్టి పోయిండు. పాలు పట్టింది నేను. చలికాలం నా గొంగట్ల పండబెట్టుకున్నది నేను.

ఇసొంటి జాతులు ఉండొద్దని ఢిల్లీల కాగితం తీసిండ్రంట గద? ఇరవైమూడు జాతులంట. అది కోర్టుల ఆగిందని సతీష్ బాబు అంటడు. ఆగిందో, నడుస్తున్నదో నాకేం ఎరుక? ఊరోళ్ళయితే సంతకాలు పెట్టిండ్రు. తీస్కనన్న పోవాలె, సూదన్న వెయ్యాలె అంటుండ్రు. మీరు రాసే కాగితం మీదనే ఉన్నది దాని పానం. గది నాకు తెలుసు.

ఊరోళ్ళను తప్పు పడతలేను. నాగలక్ష్మి చెయ్యి చూసిండ్రా మీరు? నేను దవాఖానకు పోయి చూసొచ్చిన. కుడిచెయ్యి. వేళ్ళు ముడుసుకుంటలేవు. గెలలు కొట్టే ముఠాల పండ్లు ఏరే మనిషి, గా చెయ్యే లేకుంటే ఏం పని చేస్తది? నన్ను చూసి ఏమన్నదో తెలుసా? "అన్నా, నీ తప్పేమున్నదే, దాని పుట్టుకే గంత" అన్నది. గా మాట ఇన్నకాడ్నుంచి నాకు బువ్వ దిగుతలేదు మేడం.

సతీష్ బాబేమో రోజూ ఫోన్ చేస్తడు. "ముత్యాలూ, జాతిల ఏం లేదు, అంతా పెంచుట్లనే ఉంటది, డాక్టరమ్మకు గట్టిగ చెప్పు" అంటడు. పెంచింది ఎవరు బాబూ అని అడుగుదామనుకున్న. అడగలే.

ఏందీ? ఎందుకు కరిసిందో గది కూడా రాయాల్నా?

చెప్తే సమజ్ గాదు మేడం, చూపిస్త. గా గోనెసంచి ఇటియ్యండి. లేదు లేదు, గొలుసు ఇప్పుతలేను. మీరు గాడనే ఉండండి, ముందటికి రాకండి.

చూడండి. నేను దాని పక్కన నిలబడ్డ. ఏమన్న అంటున్నదా? తోకూపుతున్నది. చెయ్యి నాకుతున్నది. మీరొచ్చినప్పుడు కూడా గట్లనే ఊపింది. ఇప్పుడు సంచి పట్టుకొని కింద కూసుంట, పండ్లు ఏరినట్టు...

ఆఁ! ఇడువు! కర్రీ, ఇడువు!

ఏం గాలే, ఏం గాలే. సంచినే పట్టింది. మీరు భయపడకండి.

చూసిండ్రా? ఇడువంగనే ఇడిసింది. ఇప్పుడెట్ల కూసున్నదో చూడండి. అది నా మొకం చూస్తలేదు మేడం, నా జేబు చూస్తున్నది.

పోయినేడు తోటల రాలిన పండ్లు మాయమవుడు మొదలైంది. గెల పండితే పండ్లు చెట్టు పాదిల రాలుతయి గద, ఎవరో సంచులల్ల ఏరుకపోతుండ్రు. సారు నన్ను ముఠా అందరి ముందట తిట్టిండు. "నువ్వు కావలి ఉన్నవా, నిద్రపోతున్నవా" అన్నడు. కర్రి ఏమో ఎవర్ని చూసినా తోకూపుడే. నాకు సిగ్గయింది. కోపమొచ్చింది.

గప్పుడు నేర్పిన. పొద్దుగాల పొద్దుగాల, నెల రోజులు. కింద కూసొని సంచి పట్టినోళ్ళను పట్టాలె. ఇడువంటే ఇడవాలె. ఇడిస్తే ఉడకబెట్టిన కోడి కందనకాయ ముక్క. కవర్ల చుట్టి జేబుల పెట్టుకొని తిరిగేటోన్ని. ఎంత జల్దీ నేర్చుకున్నదో! మస్తు సంబరపడ్డ నేను.

కోత నాడు కూలీలు కూడా గట్లనే కూసుంటరు గద, గట్లనే సంచి పడతరు గద. అందుకే కోత నాడు కట్టేసేటోన్ని. ఈసారి కోత మంగళారం అన్నరు. ట్రాక్టరు ముందుగాల దొరికిందని సోమారమే దిగిండ్రు. కర్రిని ఇంక కట్టెయ్యలే, నేను అవతలి గట్టున మోటరు కాడ ఉన్న. దొంగకు, కూలికొచ్చిన మనిషికి తేడా దానికెట్ల తెలుస్తది? నేను నేర్పలే గద.

సారుకు తెలిస్తే నా నౌకరీ పోతది. పోలీసోళ్ళు ఏం రాసుకుంటరో కూడా తెల్వదు. అందుకే నోరు మూసుకున్న. దాని పుట్టుకే గంత అని అందరంటుంటే, తల ఊపుకుంట నిలబడ్డ.

ఇంకొకటున్నది మేడం. ఇది నా పెండ్లానికి కూడా చెప్పలే.

అరుపు ఇని ఉరికొచ్చిన. ఇడువన్న. ఇడిసింది. ఇడిసి, గా నెత్తుటి మూతితోని నా ముందటికొచ్చి కూసున్నది. ఇప్పుడు కూసున్నట్టే, బుద్ధిగ. నాగలక్ష్మి చెయ్యి పట్టుకొని మట్టిల పొర్లుతున్నది, ఇది నా జేబు దిక్కు చూస్తున్నది.

నా చెయ్యి జేబుల్కు పోయింది మేడం. అలవాటు. కవరు ఇప్పిన. ఒక ముక్క పెట్టిన. నాగలక్ష్మి చూడలే.

పెన్ను ఆపిండ్రేంది? రాయండి. జాతి రాట్‌వీలరే, అది అబద్ధం గాదు. కింద గిది కూడా రాయండి.