గంగమ్మకు వదిలిన కొరమీన్లు

వడమాలపేట దగ్గర తన చేపల గుంట గట్టున రైతు మీసం దువ్వుకుంటూ నిలబడ్డాడు. వానల మొదట్లో రోహు పిల్లల్ని ఇచ్చిన పరిశోధకురాలు, ఇప్పుడు ఖాళీ వలను చూస్తోంది. ఆమె ముఖం పాలిపోవడం చూసి అతను లోలోపల మురిసిపోయాడు.

“సూసినావా మేడం, నీ సదువు? తల్లిసేపలకు సూదులు పొడిసి పుట్టించిన పిల్లలు యాడ బతుకుతాయి!”

“చచ్చినవి నీళ్ల మీద తేలినాయా?”

“ఒక్కటీ తేలలేదు. తేలేదానికైనా సత్తువ ఉండద్దా?”

“పిల్లల్ని వదిలేముందు పాత చేపలన్నీ పట్టేయమన్నాను. పట్టినారా?”

“అది కూడా నువ్వే నేర్పాల్నా? గుంటంతా జల్లెడ పట్టినాము. గంగమ్మ పేరు చెప్పి ఒక్క జంట కొరమీన్లను మాత్రం వదిలినాము. మా తాతల నాటి ఆచారం. నీ పుస్తకాల్లో ఉండదులే.”

“కొరమీను ఏం తింటుందో తెలుసా?”

“సిన్న సేపల్ని...”

అతను గుంటలోకి చూశాడు. గట్టు వార నీళ్లలో ఎర్రటి కొరమీను పిల్లల గుంపు కదులుతోంది. దాని కింద బాగా బలిసిన రెండు నల్లటి వీపులు కాపలా కాస్తున్నాయి. రైతు మీసం మీది చెయ్యి దించాడు.

“నా పిల్లల్లో సత్తువ లేదన్నారు కదా! తిన్నవాటిని చూసి చెప్పండి.”