డ్యాంప్ అంటే

ఇస్త్రీ బల్ల దగ్గర కూతురు కొత్త చొక్కా మెడ వెనక లేబుల్ చదివి పెట్టింది.

"డ్యాంప్‌గా ఉన్నప్పుడే ఇస్త్రీ చేయాలట నాన్నా."

"డ్యాంప్ అంటే?"

"తడీ కాదు, పొడీ కాదు. కాస్త చెమ్మ."

"ఇది అలా ఉందంటావా?"

"ముప్పై ఏళ్లుగా ఇదే పని చేస్తూ నన్నడుగుతావేంటి? పట్టుకుని చూడు."

ఆయన పట్టుకున్నాడు. వేళ్ల మధ్య నలిపి, మళ్లీ నలిపి చూశాడు.

"నిన్న దుప్పటి మాడింది అందుకేనా నాన్నా?"

"వేళ్లు మొద్దుబారిపోయాయమ్మా, ఏమీ తెలియట్లేదు. మీ అమ్మకి చెప్పకు, ఇల్లు పీకి పందిరేస్తుంది."

ఆమె నవ్వలేదు. చొక్కా తీసి ఆయన చెంపకి ఆనించింది.

"ఇక్కడ తెలుస్తోందా?"

"చల్లగా ఉంది తల్లీ."

"చెంప తడిసిందా?"

"లేదు."

"అదే డ్యాంప్. ఇక పెట్టె అందుకో."