అవ్వ గొంతుకు తొమ్మిది మార్కులు

హుజూరాబాద్‌లో వెస్లీ వాళ్ల ముందరి గది. వెస్లీ, అతని కాలేజీ స్నేహితురాలు స్నిగ్ధ కలిసి నడిపే, వీడియో గేములు ఆడి మార్కులేసే చానెల్‌కు అదే ఆఫీసు, అదే స్టూడియో. కరెంటు పోతే రెండూ కాదు. వంటింట్లో వెస్లీ ‘అవ్వా’ అని పిలిచే తల్లి మగ్దలేనమ్మ చాయ్ పెడుతోంది. వెస్లీకి కుర్చీలో కాసేపు కూడా కూర్చోబుద్ధి కావడం లేదు.

“తొమ్మిదా? పదికి తొమ్మిదా, వెస్లీ?”

“అవు, తొమ్మిది. మెల్లగ మాట్లాడు, అవ్వ వంటింట్ల ఉన్నది.”

“పోయినేడు గంత పెద్ద కంపెనీ గేముకే నాలుగిచ్చినవు. ‘గీ గేము ఆడేకంటె గోడ దిక్కు చూస్కుంట కూసోండ్రి’ అన్నవు. నీ నోటి మాటనే అది.”

“అది వేరే, ఇది వేరే.”

“ఏం వేరే?”

“వేరే అంటే వేరే. అగో, మల్ల ఫోన్ మోగుతుంది.”

“మోగనీ. ఏం వేరేనో జెప్పు.”

“నువ్వు ఆడినవు గదా! గేముల ఆ ముసలమ్మ వాగు ఒడ్డు మీద నిలవడి, ‘పైలంగ పో బిడ్డా, నీళ్లు గుంజుతయ్’ అంటది సూడు... స్నిగ్ధా, నేను చిన్నప్పటి సంది గేములాడుతున్న. ఇంగ్లీషుల తిట్టిండ్రు, జపాన్ భాషల తిట్టిండ్రు. మన మాటల పైలమన్నోళ్లు ఒక్కలు లేరు. సినిమాలల్ల మన మాట ఎవలకిస్తరు? రౌడీకి, లేకుంటే ఇంట్ల పనామెకు. గీ గేముల ఊరంతటికి పెద్దమనిషికిచ్చిండ్రు. దానికి మార్కులెయ్యద్దా?”

“ఎయ్యి. మాటకు పదికి పది ఎయ్యి. గేముకెన్ని?”

“రెండూ ఒకటే.”

“ఒకటి గాదు. ఆఖరి దాక ఆడినవా?”

“ఫోన్ల గేము కంపెనీ మేడమే గావచ్చు. పొద్దటి సంది వదులుతలేదు.”

“వెస్లీ! ఆడినవా?”

“సగం ఆడిన. సగం కంటె జర ఎక్కువనే ఆడిన.”

“నేను మొత్తం ఆడిన. మూడో ఊరు దాటినంక ఏమైతదో ఎరుకేనా? ఆడినకాడికి సేవ్ అయితలేదు. బందు చేసి మల్ల తెరిస్తే మొదటి వాగు కాడికే తెస్తది. ఇంక ఆ ముసలమ్మకు మాటలే అయిపోయినయ్. ఇల్లు కాలుతున్నా ‘పైలంగ పో బిడ్డా’ అంటది, పెండ్లయితున్నా ‘పైలంగ పో బిడ్డా’ అంటది.”

“నవ్వకు.”

“నవ్వక ఏం జెయ్యాలె? సగమే తయారైన గేమది. రెండో సగం వీడియోల చూపెట్టద్దని మెయిల్ల ఎందుకు రాసిండ్రు మరి?”

“కథ బయటపడద్దని.”

“గట్లని వాళ్లన్నరు. నువ్వు నమ్మినవు.”

“నాకొక్కనికే రాసిండ్రా? అందరికీ గదే పంపిండ్రు. రేపు పొద్దుగాల దాక ఎవ్వలు మాట్లాడద్దు. మాట్లాడినంక మొదటి సగమే చూపెట్టాలె. గీ పనిల గదే రివాజు. కాదంటే వచ్చేసారి గేము ముందుగాల పంపరు. మనం కొనుక్కోని, ఆడి, అందరు చెప్పినంక చెప్తే ఎవలు జూస్తరు?”

“మన వీడియో మొదట్ల ఏమంటవు? చెయ్యి గుండె మీద వెట్టుకోని అంటవు గదా, ఏమంటవు?”

“‘మేం ఎవ్వల దగ్గర ఏం తీస్కోం, ఎవ్వలకు భయపడం.’ ఏం తీస్కున్ననో జెప్పు! పైసలు తీస్కున్ననా? హైదరాబాద్ పిలిస్తే పోయిన. హోటల్ల పండుకున్న, బిర్యానీ తిన్న. టీ షర్ట్ ఇచ్చిండ్రు, అది నువ్వే గుంజుకున్నవు.”

“మా కుక్క కింద పరిసిన.”

“పరుస్తవు. నీకేంది? కరుణాకర్‌రావు దొర బిడ్డవు. చానెల్ మూతవడితే మీ బాపు రైస్ మిల్లు చూసుకుంటవు. మా బాపు పోయిండంటె నాకేమన్న మిల్లు వెట్టి పోయిండా?”

“గా ముచ్చట తియ్యకు.”

“తీస్త. నిజం మాట్లాడుడు నీకు అల్కగ ఉంటది.”

“ఏం అల్కగ లేదు. మెట్‌పల్లి కొమురెల్లి నిన్న మల్ల రాసిండు. మన వీడియోలు చూసే ఐటీఐ పిలగాడు, యాదికున్నడు గదా? ‘అక్కా, మీరు మంచిదంటేనే కొంట, లేకుంటే వద్దు’ అని. వానికేం జెప్పాలె? గేము సగమే నడుస్తది గని మాట మస్తున్నది, కొనుక్కో అనాల్నా?”

“వాన్ని నడుమల తేకు.”

“వాని కోసమే గదా ఇదంత! సరే, ఇంకోటి అడుగుత. నువ్వు రాసిన దాంట్ల ఆ ముసలమ్మ గొంతు గురించి ఒక పేజీ ఉన్నది. ఆ గొంతు ఎవలదో ఒక్క ముక్క లేదు.”

“అది అవసరం లేదు.”

“‘గొంతు మా అవ్వది’ అని రాయి. ఏమనుకోవాల్నో చూసేటోళ్లే అనుకుంటరు.”

“రాయ. రాస్తె ఏమంటరు? తల్లికి పనిచ్చిండ్రు, కొడుకు మార్కులేసిండు అంటరు.”

“నేనంటున్నది గదే!”

“గట్ల గాదు! అవ్వను ఊకెనే తీస్కోలే. హుస్నాబాద్ సంది ఆడోళ్లు వచ్చిండ్రట, కరీంనగర్ల నాటకాలేసేటోళ్లు వచ్చిండ్రట. ఆ మేడమే చెప్పింది. అందరి గొంతులు ఇని ఇని, అవ్వను ఏరుకున్నరు. ఎందుకేరుకోరు? ఆదివారం ఆదివారం చర్చి గుళ్లె లేచి, దేవుడు చేసిన మేలు గురించి సాక్ష్యం జెప్తది. మైకు లేకుంట ఆఖరి వరుస దాక ఇనవడుతది. బాపు పోయినంక ఆమె చెప్పిన సాక్ష్యానికి పాస్టర్ గారే కండ్లు తుడుసుకున్నరు. ఇన్నొద్దులు అందరికీ ఆమె నాట్లేసే మగ్దలేనమ్మ. గేముల గొంతిచ్చిందని మొన్న గుళ్లె నిలవెట్టి శాలువ కప్పిండ్రు, స్నిగ్ధా! ఇంటికొచ్చి ఆ శాలువ తియ్యనే లేదు. నాకు బుగులైతుంది, నేను గీ గేముకు నాలుగిచ్చిన్నంటె...”

“ఇస్తె?”

“చాయ్ తాగుండ్రి. మీ లొల్లికి పాలు పొంగి పొయ్యిల వడ్డయ్.”

“ఏం లేదవ్వా, ఊకెనే మాట్లాడుకుంటున్నం.”

“స్నిగ్ధమ్మా, నువ్వు జెప్పు. గేము మంచిగలేదా?”

“మీ గొంతు మస్తున్నదమ్మా.”

“నేనడిగింది గొంతు గాదు.”

“... మంచిగలేదమ్మా. సగం కాడ ఆగిపోతది.”

“మరి వీడు మంచిగున్నదని చెప్తుండా?”

“అవ్వా, అండ్ల నువ్వున్నవు. దానికి నాలుగిస్తె నీకు నాలుగిచ్చినట్టుంటది నాకు. చెయ్యి ఆడుతలేదు.”

“పిచ్చోడా. గుళ్లె సాక్ష్యం జెప్పుతుంటే ఎట్ల జెప్తం? ఫలానామెకు రోగం మంచిగైందంటె, ఆమె నాకేమైతదో ముందుగాల చెప్తం. మా చెల్లె, మా కోడలు అని. చెప్పినంకనే తక్కినది. లేకుంటే వెనుక కూసున్నోళ్లు గుసగుస వెడుతరు.”

“ఇగో, అమ్మ జెప్పింది. నేను గింతసేపు గదే మొత్తుకుంటున్న.”

“మీరిద్దరు ఒక్కటైండ్రా? సరే. సరే! చెప్త. సగం కాడ ఆగిపోతదని చెప్త, రెండో సగం చూపెడుత. కంపెనీ మల్ల గేము పంపకుంటే పంపకపాయె. కొమురెల్లికి సుత చెప్త. ఎన్ని మార్కులో నువ్వే ఎయ్యి స్నిగ్ధా, నేను ఎయ్య.”

“నిజంగనా?”

“నిజంగనే. గని గొంతు మా అవ్వదని చెప్పినంక ఒక్క మాట మాత్రం గట్టిగ చెప్త. గంతమందిల గెలిచింది మా అవ్వ, కొడుకు పేరు వెట్టుకోని పోలే అని. గేము ఎట్లన్న ఉండనీ, కంపెనీ ఎసొంటిదన్న గానీ, గా ఒక్కటి ఎవ్వలు కాదనలేరు. కెమెరా పెట్టు.”

“ఆగు బిడ్డా.”

“ఏందవ్వా? నువ్వు సుత కూసుంటవా పక్కకు? శాలువ కప్పుకో, మంచిగుంటది.”

“గది జెప్పకు.”

“ఏది?”

“గెలిచిన్నని.”

“గెలిచినవు గదా! సిగ్గెందుకు? స్నిగ్ధా, లైటేడ వెట్టినవు?”

“వెస్లీ, జర ఆగు. అమ్మను చెప్పనీ.”

“చెప్పుమను. ఎంతమంది వచ్చిండ్రవ్వా, గొంతులు ఇన్న దినం? హుస్నాబాదోళ్లు వచ్చిండ్రా? నాటకాలోళ్లు వచ్చిండ్రా?”

“చాయ్ సల్లారుతుంది బిడ్డా.”

“అవ్వా.”

“నువ్వు సంబురపడుతుంటివి. గుళ్లె అందరు సంబురపడిరి. నాగ్గూడ మంచిగనిపించె. ఎట్ల జెప్పాలె?”

“ఏం జెప్పాలె? ఎంతమంది వచ్చిండ్రు?”

“ఎవ్వలు రాలే. గా గదిల నేనొక్కదాన్నే. నేనింకా నోరు తెరువనే లేదు బిడ్డా... ‘వెస్లీ గారి అమ్మ మీరేనా’ అని అడిగి, ‘గీ పని మీకే’ అన్నరు.”